షుగర్ మిషన్ గది తలుపు

నేను చదువుకున్నది సంతకం వరకే. అది కూడా జీతం తీసుకునే రోజు అవసరమని నేర్చుకున్నాను. ఇప్పుడు నేను చెబుతుంటే మా ల్యాబు పిల్ల స్వప్న రాస్తోంది. మా యాస తీసేసి పుస్తకాల్లో ఉండే భాషలో రాయమన్నాను, నలుగురూ చదివేది కదా. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. వాళ్ల నోళ్లు దిద్దే పని నాది కాదు.

నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఆయన పాలమూరు నుంచి కూలికి వచ్చి, ఆ కాలేజీ గోడలకే ఇటుకలు మోసి, చివరికి ఆ గోడలకే వాచ్‌మన్ అయ్యాడు. తర్వాత షుగర్ వచ్చింది. ముందు బొటనవేలు పోయింది, తర్వాత పాదం పోయింది, తర్వాత మనిషే పోయాడు. కాలేజీవాళ్లు జాలిపడి నాకు ఉద్యోగం ఇచ్చారు. ఎక్కడ వేశారనుకున్నారు? షుగర్ కొలిచే మిషన్ తయారుచేసే గదిలో. దేవుడికి ఎకసెక్కాలు ఎక్కువ.

ఈ మధ్య ల్యాబుల్లో కొత్తగా చేరే ఆడపిల్లలు వచ్చి, ఏం పని ఉంటదక్కా అని అడుగుతున్నారు. ఉద్యోగపు ఆర్డరులో ఊడ్చుట, తుడుచుట, నీళ్లు పట్టుట అని ఉంటుంది. అవన్నీ ఇంట్లో చేసే పనులే, వాటికి నా సలహా ఎందుకు. అసలు పని వేరే ఉంది. అది చెబుతాను.

తలుపు

గదిలో నల్లటి బల్ల. దాని మీద మూడు మూలల గాజుదిమ్మ. దానికి బంగారు పూత పూసిన చిన్న పలక అంటించి ఉంటుంది. ఒక పక్కనుంచి ఎర్రటి వెలుగు కొడతారు. అది బంగారం దాకా పోయి, మళ్లి, ఇంకో పక్కన తెర మీద పడుతుంది. ఆ వెలుగు మధ్యలో ఒక నల్లటి గీత కనిపిస్తుంది. ఒక్క వాలులో పోయిన వెలుగు మాత్రం తిరిగి రాదు, బంగారం మింగేస్తుంది. అక్కడే ఆ గీత. ఆ ల్యాబు నడిపే ప్రసాద్ సార్ దీనికి ఒక పెద్ద పేరు చెప్పేవారు. సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్ అని స్వప్న రాస్తోంది. నాకు నోరు తిరగదు కనుక నేను మింగుడు అనేదాన్ని.

బంగారానికి అవతలి వైపు నీళ్లు పారుతుంటాయి. నీళ్లలో చక్కెర కలిపితే గీత జరుగుతుంది. ఎక్కువ కలిపితే ఎక్కువ జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి ఎంత చక్కెర ఉందో చెప్పాలి. మిషన్ అంటే ఇంతే. మనుషుల వేలికి గుచ్చకుండా షుగర్ చెప్పే రోజు వస్తుందని సార్ ఆశ.

అయితే ఆ గీత మహా పెంకిది. చక్కెరకే కాదు, వేడికీ జరుగుతుంది. గది కాస్త వేడెక్కితే చాలు, చక్కెర తగ్గినప్పుడు ఎటు పోతుందో అటే పోతుంది. నిజంగా చక్కెర తగ్గిందా, ఎవరైనా తలుపు తీశారా అన్నది మిషన్‌కు తెలియదు. అందుకని ఏసీ వేసి, తలుపు మూసి, తలుపు బయట కుర్చీ వేసి, కుర్చీలో నన్ను వేశారు. అదే నా ఉద్యోగం.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా సార్ నోట ఒకటే మాట: "అంజమ్మా, తలుపేసెయ్." నిద్రలో లేపినా అదే అనేవారేమో.

ఒకసారి ప్రిన్సిపాల్ వచ్చాడు. నేను లేవలేదు.

"నేనెవరో ఎరుకేనా నీకు?" అన్నాడు.

"ప్రిన్సిపాల్ సారు."

"మరి జరుగు."

"నేను జరిగితే లోపల గీత జరుగుతది సార్. ఇప్పుడిప్పుడే నిలబడ్డది."

ఆయన డాక్టరేటు చదివిన మనిషి. కాసేపు తలుపును చూశాడు, కాసేపు నన్ను చూశాడు, ఇంకేదో పని ఉన్నట్టు వాచీ చూసుకుని వెళ్లిపోయాడు. అది నా పెద్దరికం అనుకునేరు. కాదు. పెద్దవాళ్లకు లోపల ఏం జరుగుతోందో అర్థం కానప్పుడు మనం కదలకుండా కూర్చుంటే చాలు, వాళ్లే కదిలిపోతారు.

బంగారం

గదికి వచ్చే ఏ అతిథైనా అడిగేది ఒకటే, ఎన్ని తులాలు అని. కమిటీలవాళ్లు ఇంగ్లీషులో అడిగేవాళ్లు, మా బస్తీ ఆడవాళ్లు తెలుగులో. ఆ పూత చూస్తే కనిపించేంత ఉంటుంది, తాకితే పోయేంత ఉంటుంది. ఒక ఎమ్మెస్సీ అమ్మాయి మరక ఉందని చేతిరుమాలుతో పలకను రుద్దింది. మరక పోలేదు, బంగారం పోయింది. సార్ ఆ రుమాలును పాడె మీద మనిషిని చూసినట్టు చూసి, "ఇది మాత్రం ఉతక్కమ్మా" అన్నారు. ఆ పిల్ల ఏడ్వాలో నవ్వాలో తెలియక రుమాలును మడిచి పుస్తకంలో పెట్టుకుంది. మీరు చేరగానే నేర్చుకోవలసింది ఇదే: పలకను తుడవకండి. మంచి నీళ్లు పారించి వదిలేయండి. మిగతా గదంతా తుడుచుకోండి, ఎవరూ వద్దనరు.

ఇక్కడ మా యాదమ్మ సంగతి చెప్పాలి. మా ఆయన చెల్లెలు. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముతుంది. అశోక్‌నగర్‌లో మురుగునీళ్లు పోయే నాలా పక్క బస్తీలో మాది ఒక గది, దానిది పక్క గది. అన్న రోగమే దానికీ వచ్చింది. పూటపూటా పొట్టకు సూది పొడుచుకోవాలి. ఫ్రిజ్ లేదు కనుక ఆ మందు సీసాను కవరులో కట్టి, తడి ఇసుకలో నిలబెట్టిన చిన్న మట్టికుండలో పెట్టుకుంటుంది. పొట్ట మీది కొంగు తీస్తే ఎవరైనా చూస్తారని సిగ్గు. అందుకని అది సూది పొడుచుకున్నంతసేపు నేను వాకిట్లో కూర్చోవాలి. అంటే కాలేజీలోనూ నాది తలుపు దగ్గరే, ఇంటి దగ్గరా తలుపు దగ్గరే.

"వదినె, మీ మిషన్ తయారైతే నా సూది పోతదా?" అని అడిగింది ఒకరోజు.

"ఏలుకు గుచ్చేది పోతదట. పొట్టకు పొడిచేది పోదు."

"మరి గదేం మిషన్? ఉత్తగ చెప్పిపోయేటోళ్లు మా గల్లీల తక్కువున్నరా?"

కానీ లోపల బంగారం ఉందని తెలిశాక దాని ధోరణి మారిపోయింది. ఆసుపత్రి మిషన్ అంటే ప్లాస్టిక్కు, దానికి లెక్కలేదు. బంగారం కలిసిన వస్తువు అబద్ధం చెప్పదని దాని నమ్మకం. దానికేమిటి, మా కాలేజీ కరస్పాండెంట్ నమ్మకం కూడా అదే.

షామియానా

కరస్పాండెంట్ అంటే ఓనరు. ఆయనకు కాలేజీలతో పాటు ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి. రెండింటికీ తేడా ఆయన పెద్దగా పట్టించుకోడు. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని తెలిసి ఒకరోజు ల్యాబుకు వచ్చాడు. ఆయనకు తలుపు తీయక తప్పలేదు. గీత జరిగింది.

"ప్రసాద్ గారూ, మిషన్ గదిల ఉంటే ఎవడు చూస్తడు? జనంల వోవాలె. మన అంజమ్మ బస్తీల క్యాంపు పెడదాం" అన్నాడు.

"ఇంకా చక్కెర నీళ్లతోనే చేస్తున్నామండీ. మనుషుల మీద చెయ్యలేదు" అన్నారు సార్. ఆయన గుంటూరు వైపు మనిషి, కోపం వచ్చినా అండీ వదలరు.

"మనుషులల్ల ఉండేది గా చక్కెర నీళ్లే కదా. రక్తం వద్దు, ఉమ్మితోటి చెయ్యుండ్రి. సూది లేదంటే ఎగబడ్తరు."

సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న స్వప్న అక్కడే ఉంది. "సార్, ఉమ్ముల చక్కెర ఉండేదే జరంత. పొద్దున తిన్న పచ్చిపులుసుకు గుడ జరుగుతది గీత" అంది.

"పుక్కిలించి రమ్మను" అన్నాడు కరస్పాండెంట్. సైన్సులో ఉన్న చిక్కంతా ఆయనకు ఒక చెంబెడు నీళ్లతో తీరిపోయింది. పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు: "గీతలు, నంబర్లు ఎవనికి అర్థమైతయి? దీపాలు పెట్టుండ్రి. షుగర్ ఉంటే ఎర్రది, లేకుంటే పచ్చది."

నాకు ఒక్కటే సందేహం. "సార్, మరి తలుపు?" అన్నాను.

ప్రసాద్ సార్ నావైపు చూశారు. ఆయనకు తెలుసు. స్వప్నకు తెలుసు. ఆ గదిలో తెలియనిది కరస్పాండెంట్‌కే, ఆయన చెప్పిందే జరుగుతుంది.

"షామియానాకు తలుపెక్కడిదమ్మా" అన్నాడు కరస్పాండెంట్. "పరదా కట్టిస్త. నువ్వే కూసో దాని దగ్గర."

ప్రసాద్ సార్ అప్పుడు కాదు అనాలి. "చూద్దామండీ" అన్నారు. సార్ చాలా మంచివారు, తెలివైనవారు, నాకు ఒక్కనాడు మాట తూలలేదు. కానీ ఆయనకూ ఒక రోగం ఉండేది, అది ఈ చూద్దామండీ. గట్టిగా అరిచే బాసును భరించవచ్చు, అరుపు అయిపోయాక పని అక్కడే ఉంటుంది. చూద్దామండీ అనే బాసు దగ్గర పని మన కళ్లముందే జారి నాలాలో పడుతుంది.

పచ్చదీపం

ఎండాకాలం. నాలా పక్కన ఖాళీ జాగాలో షామియానా. ఒక బల్ల మీద మిషన్, దానికి చామంతి దండ. పరదా దగ్గర కుర్చీలో నేను. గాలికి పరదా నా మొహం మీదికి వచ్చి పడుతోంది, నేను తలుపు కాస్తున్నాను. "ఇది ప్రయోగం మాత్రమే, దీన్ని నమ్మి మందులు మానొద్దు" అని సార్ మైకులో చెప్పారు. అదే సమయానికి కరస్పాండెంట్ దిగాడని డప్పులు అందుకున్నారు. సార్ మాట విన్నది మైకు ఒక్కటే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు వచ్చినవాళ్లలో కొందరికి ఎర్రదీపం వెలిగింది. ఎండెక్కింది. షామియానా కింద పెనం మీద కూర్చున్నట్టయింది. ఎర్రదీపాలు తగ్గుతూ వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఇక వచ్చినవాడికల్లా పచ్చదీపమే. పొద్దున ఎర్రది వచ్చిన ఆటో మల్లేశ్ అనుమానంతో మళ్లీ వచ్చి ఉమ్మాడు. పచ్చది.

"పొద్దుగాల చాయ్ తాగొచ్చిన, గందుకే ఎర్రది" అని లైనులో ఉన్నవాళ్లందరికీ చెప్పాడు. "మధ్యాహ్నం రావాలె దీనికి. మధ్యాహ్నం షుగర్ దిగుతది."

ఆ మాట కోచింగ్ సెంటర్ల దాకా పాకింది. గ్రూప్స్ చదివే పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చారు, పచ్చదీపం తీసుకుని పోయారు. వాళ్లకు ఆ సంవత్సరం పచ్చగా కనిపించింది అదొక్కటేనేమో. కరస్పాండెంట్ మైకు తీసుకుని, ఈ బస్తీలో షుగర్ లేదు, ఇది ఆరోగ్య బస్తీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. మిర్చి బజ్జీల బండి, జిలేబీ బండి రెండూ షామియానా పక్కకు జరిగాయి.

స్వప్న వేలు పట్టుకుని సార్‌ను పక్కకు లాగినంత పని చేసింది. "సార్, ఆపుదాం. ఎండకు జరుగుతున్నది గీత."

"కనబడుతూనే ఉందమ్మా. వాళ్లు వెళ్లాక చూద్దాం" అన్నారు సార్.

వాళ్లు వెళ్లేలోపు యాదమ్మ వచ్చింది, పుక్కిలించి, పూలు పెట్టుకుని. పచ్చదీపం వెలిగింది. నేను కుర్చీలోంచి లేచి, "యాదమ్మా, దాన్ని నమ్మకు, ఎండకు అట్ల చూపిస్తున్నది" అన్నాను.

"నీకేమెరుక వదినె, నువ్వు తలుపు కాడ కూసునేదానివి" అంది. చుట్టూ అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

కుండ

ఆ రాత్రి యాదమ్మ నన్ను వాకిట్లోకి పిలవలేదు. మరునాడు పొద్దున పోయి చూస్తే మందు సీసా కిటికీలో ఎండకు ఉంది, కుండలో తాగే నీళ్లు పోసి ఉన్నాయి.

"ఇంకా దానితోటి ఏం పని?" అంది. "బంగారమే లేదన్నది. నువ్వు ఉందంటవా?"

"మీ అన్న గుడ ఏలు పోయేదాక లేదనే అన్నడు."

"మా అన్నకు బంగారం మిషన్ ఏడ దొరికింది? దొరికితే బతికెటోడు."

మా ఆయన పేరు తీసి నా నోరు మూయించింది. రెండో రోజుకు కుండలో నీళ్లన్నీ తాగి, మా ఇంటి బిందె కూడా ఖాళీ చేసింది. ఎంత తాగినా నోరు ఎండుతోందట. ఎండలకు అంది. ఆ మర్నాడు బండి దగ్గర టమాటాల మీద తల పెట్టుకుని పడుకుంటే పక్క బండి ఆమె లేపి ఇంటికి తెచ్చింది. దవాఖానకు పోదామంటే, పచ్చదీపం వచ్చినదానికి దవాఖాన ఎందుకంది. స్వప్న తన సంచిలో వేలికి గుచ్చే మామూలు మిషన్ పట్టుకుని వచ్చింది. యాదమ్మ వేళ్లు మూసి పిడికిలి బిగించింది.

"ప్లాస్టిక్ దానితోని బంగారం దాన్ని తప్పు పట్టెటందుకు వచ్చినవా బిడ్డా?"

స్వప్న, నేను కాలేజీకి పోయాం. సార్ గదిలో కరస్పాండెంట్ కూడా ఉన్నాడు, కమిటీకి చూపించడానికి క్యాంపు ఫోటోలు ఏరుతున్నాడు. నేను సంగతి చెప్పాను.

"దవాఖానల చేర్పియ్యి, నేను మాట్లాడ్త. మిషన్ ముచ్చట మాత్రం ఎత్తకు" అన్నాడు కరస్పాండెంట్. "కమిటీ వచ్చిపోయినంక చెప్పుకుందాం."

"అది మిషన్ మాట వినే పడుకున్నది సార్. ఇంకెవని మాట వినదు" అన్నాను. ప్రసాద్ సార్ ఫోటోలు చూస్తున్నారు. ఆయన నోట చూద్దామండీ వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, "పద అంజమ్మా" అన్నారు.

నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా ఆటోలో పోయాం, సంచి పట్టుకుని స్వప్న కూడా వచ్చింది. మా గల్లీలో దిగగానే జనం చుట్టుకున్నారు. మిషన్ సారు వచ్చిండు, మళ్లీ క్యాంపు పెడ్తరట అని. మల్లేశ్ అయితే పుక్కిలించడానికి పోయాడు.

యాదమ్మ మంచం మీద ఉంది. కళ్లు లోపలికి పోయాయి. సార్ స్టూలు మీద కూర్చున్నారు. గది నిండా వేడి, వాకిట్లో జనం. సార్ అలవాటుగా అన్నారు, "అంజమ్మా, తలుపేసెయ్."

నేను వేయలేదు. ఆ ఉద్యోగంలో ఆయన మాట వినంది ఆ ఒక్కసారే. తలుపును వెనక్కి నెట్టి, దానికి ఆనుకుని నిలబడ్డాను.

సార్ నన్ను చూశారు, వాకిట్లో ఉన్నవాళ్లను చూశారు. గొంతు సవరించుకుని, టెంపరేచర్ అన్నారు, కరెక్షన్ అన్నారు, ఇంకా ఏదేదో అన్నారు.

"జర మన మాటల చెప్పు సార్" అంది యాదమ్మ. గొంతు పీలగా ఉంది. "నాకు షుగర్ ఉన్నదా, లేదా?"

"ఉందమ్మా."

"మరి పచ్చదీపం?"

సార్ కింద చూశారు. ఆ వేడిలో చెమట ఆయన కళ్లజోడు మీద పడింది.

"అది ఎండకు వెలిగింది. మీ వంట్లో షుగర్ తగ్గి కాదు. మా మిషన్ తప్పు చెప్పింది. తప్పు చెబుతోందని నాకు ఆ రోజే తెలుసు."

సార్ వాకిలి వైపు తిరిగి మళ్లీ అన్నారు, ఈసారి గట్టిగా, ఏ డప్పూ లేకుండా. "మందులు ఎవరూ మానొద్దండీ. పచ్చదీపం వచ్చినవాళ్లందరూ ఆసుపత్రిలో చూపించుకోండి. ఆ దీపం లెక్కలోకి రాదు."

"ఉత్తగనే ఉమ్మించినవా మా అందరితోటి?" అన్నాడు మల్లేశ్.

"అవునండీ" అన్నారు సార్.

యాదమ్మ పిడికిలి విప్పి స్వప్నకు వేలు ఇచ్చింది. మామూలు మిషన్ అంకె చూపించలేదు, తాను చూపించగలిగినదాని కంటే ఎక్కువ ఉందని మాత్రం చూపించింది. ఆటో మల్లేశ్‌దే. యాదమ్మను ఎత్తి కూర్చోబెడుతుంటే సార్ కళ్లు గూట్లో ఉన్న కుండ మీద పడ్డాయి. ఇదేమిటమ్మా అని అడిగారు.

"సూది మందు చల్లగ ఉండాలె కదా సార్, దానికి" అన్నాను.

"నువ్వు గుడ ఒకటి కొనుక్కో సార్, మీ మిషన్‌కు" అంది యాదమ్మ, నా భుజం మీద వాలిపోతూనే. "ఎండ తగిలితే నీది గుడ ఖరాబే అయితున్నది."

తర్వాత

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు, సూది మళ్లీ మొదలుపెట్టారు. ఇంకో రోజు ఆలస్యమైతే మాతో మాట్లాడే పని ఉండేది కాదని డాక్టరమ్మ తిట్టింది, ఎవరిని తిట్టాలో తెలియక నన్నే తిట్టింది. యాదమ్మ నడిచి ఇంటికి వచ్చింది. మొదటి పని, కుండలో నీళ్లు పారబోసి కొత్త సీసాను అందులో పెట్టింది.

కాలేజీలో క్యాంపు ఫోటో పెద్దది చేసి మెట్ల దగ్గర కట్టారు. పచ్చదీపం బాగా వచ్చింది అందులో. కమిటీ మెచ్చుకుందట. బస్తీకి పోయి ఆ మాటలన్నందుకు ప్రసాద్ సార్‌ను కొన్నాళ్లు ఫస్టియర్ పిల్లలకు పాఠాలు చెప్పుకోమన్నారు. ఆయనకు అది శిక్ష అనిపించలేదు, ముఖం కాస్త కళగా ఉండేది కూడా. మళ్లీ ల్యాబుకు వచ్చాక ఆయనా స్వప్నా పలక మీద రెండు దారులు చేశారు. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, ఇంకోదాంట్లో చక్కెర నీళ్లు. వేడికి రెండు గీతలూ కలిసి జరుగుతాయి, చక్కెరకు ఒకటే జరుగుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలింది చక్కెర. మిషన్ చుట్టూ చల్లని నీళ్లు తిరిగే డబ్బా కూడా పెట్టారు. ఇవన్నీ ఎప్పటినుంచో పుస్తకాల్లో ఉన్నవేనని స్వప్న చెప్పమంటోంది. యాదమ్మ మాత్రం ఆ డబ్బా తన కుండే అని మార్కెట్ అంతా చెప్పుకుంది. కూరగాయలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా వినాల్సిందే, లేకపోతే కొసరు వేయదు.

మిషన్ ఇంకా ఉమ్మి దాకా రాలేదు, చక్కెర నీళ్లే కొలుస్తోంది. ఎప్పుడు తయారవుతుందని ఎవరడిగినా ప్రసాద్ సార్ ఇప్పుడు, "తయారు కాలేదండీ" అంటారు. ఆ మాట నేర్చుకోవడానికి ఆయన చదువుకు మా ఆడపడుచు ప్రాణం సగం ఖర్చయింది.

కొత్తగా చేరేవాళ్లకు చెప్పేది ఇదే. మీకు కుర్చీ ఇస్తారు, తలుపు చూపిస్తారు. వేసెయ్ అన్నప్పుడు వేయండి, ప్రిన్సిపాల్ వచ్చినా లేవకండి. మిషన్‌కు దండ వేసి బయటికి మోసుకుపోయే రోజు వస్తే మాత్రం, వాళ్లు దాన్ని గడప దాటించేముందే నోరు విప్పండి. పరదా పక్కన కూర్చున్నాక మీ మాట ఎవరూ వినరు, నాది వినలేదు.

ఇంకా చెప్పేదాన్నే, కానీ పక్క గదిలోంచి యాదమ్మ పిలుస్తోంది. సూది వేళయింది. వదినె ఏడ వోయినవ్, ఎవరన్న వస్తరు, అని అరుస్తోంది. పోయి వాకిట్లో కూర్చోవాలి.